చలనచిత్రం, చందా, చౌర్యం

పోయిన యేడాది మా కాలేజీలో బి.ఏ. విద్యార్థులకు కథ నుంచి తెరకు జరిగే మార్పు గురించి పాఠం చెప్పవలసి వచ్చింది. ఒక తెలుగు కథ ఆధారంగా తీసిన చిన్న చిత్రం ఒకటి వుంది. దాని పేరు చెప్పను. చెబితే దాన్ని కొన్న కంపెనీ పేరు కూడా చెప్పినట్టే అవుతుంది. నేను చందా కట్టే ఒక ఓటీటీలో ఆ చిత్రం చూశాను, నోట్సు రాసుకున్నాను. తీరా పాఠం చెప్పే రోజున తెరిస్తే అది అక్కడ లేదు. గడువు తీరిందో, లెక్క కుదరలేదో, ఆ సంగతి చందాదారుకు చెప్పవలసిన అవసరం మాత్రం వాళ్ళకు కనిపించలేదు. నేను కథాసారాంశం బోర్డు మీద రాయబోతూంటే వెనక బెంచీ కుర్రవాడొకడు "వుండండి సార్" అంటూ ఫోను తీశాడు. అయిదు నిమిషాల్లో చిత్రం గోడమీద ఆడుతున్నది. ఒక మూల జూదపు యాప్ ప్రకటన మెరుస్తున్నది. నలభై మంది విద్యార్థులూ చూశారు. నేనూ చూశాను. చూసి, పాఠం చెప్పాను.

క్లాసు అయిన తర్వాత వరండాలో వాదం పుట్టింది. ఫోను తెరిచిన కుర్రవాడు, "యిది ప్రజల పంపిణీ సార్. డబ్బున్నవాడి గోడకు కన్నం వేయటం దొంగతనం యెట్లా అవుతుంది?" అన్నాడు. అతడు చదువుకున్నవాడే, మన సభలకు వచ్చేవాడే. వాళ్ళ అన్న హైదరాబాదులో ఒక ఎడిటరు దగ్గర సహాయకుడుగా పనిచేస్తున్న అమ్మాయి ఒకతె, "మా అన్నకు మూడు నెలల జీతం బాకీ. సినిమా బయటికి వచ్చేసింది, డబ్బు రాలేదు అంటున్నారు. కన్నం యెవరి గోడకు పడ్డదో కాస్త చూసుకో" అన్నది. యిద్దరూ నావంక చూశారు. నేను గంట కొట్టారని చెప్పి తప్పించుకున్నాను. ఆరోజు యివ్వలేని జవాబు యిక్కడ యివ్వటానికి ప్రయత్నిస్తాను.

మనలో చాలామంది యీ విషయాన్ని నీతి ప్రశ్నగా మొదలుపెడతారు. దొంగతనం తప్పా కాదా అని. అట్లా మొదలుపెడితే కంపెనీ ప్రకటనలు రాసేవాడి పక్కన నిలబడటమో, దొంగ సైటు నడిపేవాడి పక్కన నిలబడటమో తప్ప మూడో చోటు దొరకదు. కాబట్టి ముందు చరిత్ర చూద్దాం. సినిమా వ్యాపారంలో దొంగ అనే పేరు యెవరికి, యెప్పుడు, యెవరు పెట్టారు?

1902లో ఫ్రాన్సులో జార్జి మెలియే చంద్రలోక యాత్రను గురించి చిత్రం తీశాడు. ప్రపంచం విరగబడి చూసింది. అమెరికాలో దానికి అనుమతి లేకుండా ప్రింట్లు తీసి అమ్ముకున్నవాళ్ళలో ఎడిసన్ కంపెనీ కూడా వుంది. తన హక్కులు కాపాడుకోవటానికి మెలియే 1903లో తన అన్న గాస్టన్ చేత న్యూయార్కులో ఆఫీసు తెరిపించాడు. ఆ వ్యాపారం అతన్ని చివరికి కాపాడలేదు. 1920లలో ఆయన పారిస్‌లోని ఒక రైల్వేస్టేషనులో బొమ్మలు, మిఠాయిలు అమ్ముకుంటూ కనిపించాడు. యిక ఎడిసన్ సంగతి: 1908 డిసెంబరులో ఆయన కంపెనీ తక్కిన పెద్ద కంపెనీలను కలుపుకొని పేటెంట్లన్నీ ఒకచోట చేర్చి గుత్త సంస్థ పెట్టింది. వాళ్ళ లైసెన్సు లేని కెమెరాతో చిత్రం తీసినవాడు దొంగ. లైసెన్సు లేని ప్రొజెక్టరు నడిపినవాడు దొంగ. కార్ల్ లేమ్లె, విలియం ఫాక్స్ మొదలైనవాళ్ళు యీ గుత్తాన్ని లెక్కచేయలేదు. లేమ్లె మీద వందలకొద్దీ వ్యాజ్యాలు పడ్డాయి. 1915లో అమెరికా న్యాయస్థానం గుత్త సంస్థే చట్టవిరుద్ధమని తీర్పు చెప్పింది. ఆనాటి "దొంగలు" స్థాపించినవే యూనివర్సల్, ఫాక్స్ కంపెనీలు. వాళ్ళ వారసులే యీనాడు పైరసీ మీద ప్రపంచమంతా వ్యాజ్యాలు వేస్తున్నారు.

యీ కథలో వ్యంగ్యం వుందని చెప్పటానికి దీన్ని యెత్తుకోలేదు. పరిశ్రమలో పైకి వస్తున్న పెట్టుబడి పాత హద్దులను తొక్కుకుంటూ వస్తుంది. స్థిరపడ్డ తర్వాత తానే హద్దురాళ్ళు పాతుతుంది. తొక్కేటప్పుడు దాని పేరు స్వేచ్ఛ, పాతేటప్పుడు దాని పేరు హక్కు. యీ వరస తర్వాత కూడా కనిపిస్తుంది.

హాలీవుడ్ స్టూడియోలు పెరిగి పెద్దవై, చిత్రాలు తీయటమే గాక, పంచటం, చూపించటం కూడా తమ చేతుల్లోకి తీసుకున్నాయి. సినిమాహాళ్ళు వాళ్ళవే. 1948లో అమెరికా సుప్రీంకోర్టు పారమౌంటు కేసులో యిది గుత్తం అని చెప్పింది. స్టూడియోలు హాళ్ళను వదులుకోవలసి వచ్చింది. ఆ సంవత్సరమే మద్రాసు శాసనసభ చేసిన యెస్టేట్ల రద్దు చట్టం పేరు కూడా 1948తోనే వుండటం కేవలం కాకతాళీయం. అయినా మన పాఠకులకు పోలిక వుపయోగపడుతుంది. పండించేవాడికీ తినేవాడికీ నడుమ శిస్తు వసూలు చేసుకునే కచేరీని తొలగించటం రెండింటిలోనూ వుంది. పారమౌంటు కేసునుంచి వచ్చిన ఆ కట్టడిని 2020 ఆగస్టులో అమెరికా న్యాయస్థానం యెత్తివేసింది. అప్పటికే ఆ స్టూడియోల్లో పెద్దవి తమ సొంత ఓటీటీలు తెరిచాయి. హాలు చేజారినా, తిరిగి యింట్లో తెర చేతికి వచ్చింది.

మధ్యలో వీడియో టేపు గొడవ ఒకటి వుంది. యింట్లో టీవీ కార్యక్రమాన్ని రికార్డు చేసుకునే యంత్రాన్ని సోనీ అమ్మితే, 1976లో యూనివర్సల్, డిస్నీ కంపెనీలు దానిమీద దావా వేశాయి. 1982లో స్టూడియోల ప్రతినిధి జాక్ వాలెంటీ అమెరికా పార్లమెంటు సంఘం ముందు ఆ యంత్రాన్ని ఒంటరి స్త్రీ యింట జొరబడే హంతకుడితో పోల్చాడు. 1984లో సుప్రీంకోర్టు 5-4 తేడాతో సోనీ పక్షాన తీర్పు చెప్పింది. ఆ దశాబ్దం ముగియకముందే స్టూడియోలకు హాళ్ళమీద వచ్చే డబ్బు కన్న వీడియో మీద వచ్చే డబ్బు యెక్కువైంది. హంతకుడు అల్లుడయ్యాడు! మన వైపున వీడియో పార్లర్లు, వీడియో బస్సులు వచ్చినప్పటి సంగతులు మా నాన్నగారు చెప్పగా విన్నాను. నాకు తెలిసింది సీడీల కాలం. బస్టాండు పక్క తోపుడుబండి మీద, కొత్త చిత్రం విడుదలైన మూడోనాటికే, హాల్లో లేచి వెళ్ళేవాళ్ళ తలకాయలతో సహా దొరికేది. మా వూరికి ఆ చిత్రం ప్రింటు రావటానికి యాభై రోజులు పట్టేది. ఆ యాభై రోజుల యెడమే ఆ బండివాడి పెట్టుబడి.

యీ చివరి వాక్యం దగ్గర కొంచెం ఆగాలి. దొంగ కాపీ యెక్కడ పుడుతుంది? సరుకుకూ దాన్ని కోరేవాడికీ మధ్య యెడం వున్నచోట పుడుతుంది. ధర ఒక యెడం. దూరం ఒక యెడం. కాలం ఒక యెడం. మనిషిలోని నీతి ఒక్క యేడాదిలో పెరగదు, తరగదు. కాని దొంగ కాపీల వాడకం మాత్రం యేళ్ళ తేడాతో పెరుగుతుంది, తగ్గుతుంది. యిది కంపెనీలకు మనకన్నా బాగా తెలుసు.

నెట్‌ఫ్లిక్స్ 1997లో కాలిఫోర్నియాలో పుట్టింది. మొదట పోస్టులో డీవీడీలు అద్దెకు పంపేది. 2007లో ఇంటర్నెట్టు ద్వారా చిత్రాలు చూపటం మొదలుపెట్టింది. పెద్ద స్టూడియోలు అప్పుడు దాన్ని లక్ష్యపెట్టలేదు. పాత చిత్రాలను చవకగా యిచ్చివేశాయి. నెలకు ఒక చిన్న చందా, వేలకొద్దీ చిత్రాలు, ప్రకటనలు లేవు. ఆ రోజుల్లో ఆ కంపెనీ పెద్దలు పైరసీని గురించి మాట్లాడిన తీరు చదివితే ఆశ్చర్యం కలుగుతుంది. 2013లో దాని చిత్రాల శాఖాధిపతి టెడ్ సరాండోస్, తాము ఒక దేశంలో ప్రవేశించగానే అక్కడ బిట్‌టొరెంట్ వాడకం తగ్గుతున్నదని చెప్పాడు. అదే సంవత్సరం నెదర్లాండ్స్‌లో అడుగుపెట్టినప్పుడు, దొంగ సైట్లలో యేవి బాగా ఆడుతున్నాయో చూసి వాటిని కొంటున్నామని ఆ కంపెనీ అధికారి ఒకరు బాహాటంగా చెప్పారు. అదే 2013లో హెచ్.బి.ఓ. యజమాని అయిన టైమ్ వార్నర్ అధిపతి, తమ సీరియల్ ప్రపంచంలోకెల్లా యెక్కువగా దొంగిలించబడటం బహుమతి రావటంకన్న గొప్ప అన్నాడు.

అనగా దొంగ వాళ్ళకు అప్పుడు మార్కెట్టు సర్వే చేసిపెట్టే జీతం లేని గుమాస్తా. కొన్నిచోట్ల గుమాస్తాయే యజమాని అయ్యాడు. జపాను బొమ్మల చిత్రాలను అనుమతి లేకుండా అభిమానులు యెక్కించుకొనే సైటుగా 2006లో మొదలైన క్రంచీరోల్, 2009లో జపాను టీవీ సంస్థతో ఒప్పందం చేసుకొని దొంగ కాపీలు తీసివేసింది. 2021లో సోనీ సంస్థ దాన్ని 117 కోట్ల 50 లక్షల డాలర్లకు కొన్నది. లేమ్లె కథే మళ్ళీ.

తర్వాత గాలి మారింది. నెట్‌ఫ్లిక్స్‌కు చవకగా యిచ్చిన చిత్రాలతోనే అది తమ నెత్తికెక్కిందని స్టూడియోలు గుర్తించాయి. 2017 ఆగస్టులో డిస్నీ తన చిత్రాలను వెనక్కు తీసుకుంటానని ప్రకటించి, 2019 నవంబరులో సొంత ఓటీటీ తెరిచింది. ఆపిల్, వార్నర్, యూనివర్సల్ వాళ్ళు 2019, 2020లలో వరసగా తెరిచారు. "ఫ్రెండ్స్" అనే పాత సీరియల్‌ను వార్నర్ వాళ్ళు నెట్‌ఫ్లిక్స్ నుంచి తీసుకొని తమ గూటిలో పెట్టుకున్నారు. అయిదేళ్ళకు దాని ఖరీదు 42 కోట్ల 50 లక్షల డాలర్లని పత్రికలు రాశాయి. ఆ డబ్బు కొత్తగా యేమీ తీయలేదు. యెప్పుడో 2004లో ముగిసిన సీరియల్ అది. ఆ డబ్బు యిచ్చింది ఒక తలుపుకు. పక్కవాడి తలుపులో నుంచి కనిపించేది మా తలుపులో నుంచే కనిపించాలని.

యిక్కడ చందాల పోటీ అసలు రూపం తెలుస్తుంది. బియ్యం వ్యాపారులు పోటీ పడితే ఒకే బియ్యం ఒక్కొక్కడూ పైసా తగ్గించి అమ్ముతాడు. ఓటీటీల పోటీ అట్లాంటిది కాదు. ఒక చిత్రం ఒకచోటే దొరుకుతుంది గనక, పోటీ పెరిగినకొద్దీ చూసేవాడి ఖర్చు పెరుగుతుంది. నాలుగు చిత్రాలకు నాలుగు చందాలు. చిత్రం తీయటానికి కోట్లు కావాలి. తీసిన తర్వాత మరొక మనిషికి చూపటానికి ఖర్చు దాదాపు శూన్యం. అటువంటి సరుకుమీద లాభం తీయాలంటే దాన్ని కావాలని కొరతగా వుంచాలి. దీన్ని లాభం అనటంకన్న కౌలు అనటం సబబు. కౌలుకు కావలసింది గట్టు.

అయితే గట్టు యెంత గట్టిదైనా, నెల చందా కట్టినవాడు వచ్చే నెల మానేస్తాడు. ఒక సీరియల్ కోసం చేరి, అది కాగానే వెళ్ళిపోతాడు. యీ వచ్చిపోయే జనాన్ని ఆపటానికి కంపెనీలు చాలా పాట్లు పడ్డాయి. ఒక్కసారిగా విడుదల చేసే సీరియల్‌ను వారం వారం విడుదల చేశాయి, యేడాది చందాకు తగ్గింపు యిచ్చాయి, ఫోను రీచార్జికి ముడివేశాయి. తమ మొదటి గొప్పగా చెప్పుకున్న ప్రకటనలు లేని తెరను కూడా 2022 చివర నెట్‌ఫ్లిక్స్, డిస్నీ రెండూ వదులుకున్నాయి: తక్కువ చందా కట్టేవాడు ప్రకటనలు చూడాలి. మన పాత టీవీ తిరిగి వచ్చినట్టే.

పాస్‌వర్డుల కథ యింకా బాగుంటుంది. 2017 మార్చిలో నెట్‌ఫ్లిక్స్, పాస్‌వర్డు పంచుకోవటమే ప్రేమ అని తన పేరుతోనే ప్రకటించుకున్నది. 2022 మొదటి మూడు నెలల్లో దాని చందాదారులు 2 లక్షలు తగ్గారు. పదేళ్ళకు పైగా అటువంటిది జరగలేదు. ఆ వార్త వచ్చిన మర్నాడు వాటా ధర ఒక్కరోజులో 35 శాతం పడిపోయింది. అప్పుడు కంపెనీ లెక్క తీసింది: చందా కట్టేవి సుమారు 22 కోట్ల యిళ్ళు, కట్టకుండా పంచుకు చూసేవి 10 కోట్లకు పైగా. ప్రేమ నేరమైంది. 2023లో ఒక ఖాతా ఒక యింటికే అని ఆంక్ష పెట్టారు. ఆ జూలైలో మనకూ వర్తించింది. కుటుంబమంటే యేమిటో నిర్వచించే అధికారం కూడా కంపెనీదే! ఒక కప్పుకింద, ఒక ఇంటర్నెట్టు కనెక్షనుకు అంటుకొని వుండేవాళ్ళే కుటుంబం. వూళ్ళో తండ్రి కట్టే చందా మీద హాస్టల్లో చూసే కొడుకు కుటుంబంలో లేడు. యీ పద్ధతి ఫలించింది. 2024 చివరికి చందాదారులు 30 కోట్లు దాటారు. 2025 నుంచి మూడు నెలలకొకసారి ఆ లెక్క చెప్పటం మానేశారు.

యిక మన దేశానికి వద్దాం. హాట్‌స్టార్ 2015లో, నెట్‌ఫ్లిక్స్ 2016 జనవరిలో, అమెజాన్ ప్రైమ్ వీడియో 2016 డిసెంబరులో వచ్చాయి. నడుమ, 2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటాను చవక చేసింది. రోడ్డు వేసినవాడే బండ్లు కూడా తనవే నడపాలనుకుంటే యేమవుతుందో తర్వాత చూశాం. తెలుగుకే ప్రత్యేకమైన ఆహా 2020లో వచ్చింది. యిక్కడ విదేశీ కంపెనీ ధర నిలవలేదు. 500 రూపాయలతో మొదలైన నెట్‌ఫ్లిక్స్ 2019 జూలైలో ఫోనుకు మాత్రం 199 రూపాయల చందా పెట్టింది. 2021 డిసెంబరులో దాన్నే 149కి దించింది. అమెరికాలో పెంచుతూ యిక్కడ దించటానికి దయ కారణం కాదు. పక్కన ప్రైమూ హాట్‌స్టారూ చవకగా వున్నాయి; వాటి పక్కనే వూరికే దొరికే దొంగ కాపీ వుంది. అచ్చులో యెక్కడా ఒప్పుకోకపోయినా, దొంగ కాపీ మన దేశంలో ధరను నిర్ణయించే పోటీదారు.

అసలైన పోటీ ఐపీఎల్ క్రికెట్ మీద జరిగింది. 2022లో రిలయన్సు వారి వయాకామ్18 అయిదేళ్ళ డిజిటల్ హక్కులను 23,758 కోట్ల రూపాయలకు కొన్నది. 2023లో ఆ ఆటలన్నీ జియోసినిమాలో వుచితంగా చూపింది. అంత డబ్బుపోసి కొన్నదాన్ని వూరికే పంచటం ధర్మమా? హాట్‌స్టార్ చందాదారులు 2022 అక్టోబరు మొదటికి 6 కోట్ల 13 లక్షలు; 2023 జూలై మొదటికి 4 కోట్ల 4 లక్షలు. ప్రత్యర్థిని యెండగట్టటానికి వుచితం కన్న పదునైన కత్తి లేదు. ఆ పనే ఒక దొంగ సైటు చేస్తే చౌర్యం, వేలకోట్లున్న కంపెనీ చేస్తే వ్యూహం. హక్కుల పత్రం చేతిలో వుందా లేదా అన్నదే తేడా, ఆ తేడా చట్టంలో చిన్నదేమీ కాదు. కాని చూసేవాడికి అర్థమయ్యే పాఠం మాత్రం ఒకటే: దీనికి డబ్బు కట్టనక్కరలేదు. 2024 నవంబరులో పోటీదారులిద్దరూ ఒకటయ్యారు. 2025 ఫిబ్రవరిలో రెండు యాప్‌లు కలిసి జియోహాట్‌స్టార్ అయింది. ఆ వేసవికి ఐపీఎల్‌ను రీచార్జికి ముడివేశారు. గుత్తం పుట్టే వరసను విద్యార్థులకు బోధించటానికి లెనిన్ పుస్తకంతో పాటు యీ మూడేళ్ళ వార్తాపత్రికలు చాలు.

పైరసీ మీద కంపెనీలు వాడుతున్న ఆయుధాలు రెండు రకాలు. మొదటిది యంత్రం. చిత్రం తాళం వేసిన పెట్టెలో మన ఫోనుకు వస్తుంది. తాళంచెవి ఫోనులోనే ఒక రహస్యపు గదిలో వుంటుంది. చవకరకం ఫోన్లు కొన్నింటిలో ఆ గదికి తగినంత భద్రత లేదని తేలితే, కంపెనీ స్పష్టమైన బొమ్మ పంపదు, మసక బొమ్మ పంపుతుంది. దొంగ కాపీని ఆపటానికి వేసిన యీ తాళం వల్ల దొంగకు జరిగిన నష్టం తక్కువ. డబ్బుకట్టిన బీదవాడు మసక బొమ్మ చూస్తాడు, దొంగ సైటుకు పోయినవాడు స్పష్టమైన బొమ్మ చూస్తాడు. దీనికి తోడు, కంటికి కనిపించని గుర్తును బొమ్మలో కలిపి, కాపీ యే ఖాతా నుంచి, యే హాలు నుంచి బయటపడిందో పట్టుకునే పద్ధతి వుంది. రెండోది చట్టం. ఒక సైటును మూయిస్తే పేరులో ఒక అక్షరం మార్చి మర్నాడు తెరుస్తారు. అందుకని 2019 ఏప్రిల్‌లో ఢిల్లీ హైకోర్టు, మారువేషంలో వచ్చే సైట్లను మళ్ళీ కొత్త దావా లేకుండానే మూయించే వుత్తర్వు పద్ధతి పెట్టింది. 2023లో సినిమాటోగ్రాఫ్ చట్టాన్ని సవరించి, దొంగ కాపీకి మూడు నెలల నుంచి మూడేళ్ళ దాకా జైలు, 3 లక్షల నుంచి చిత్రనిర్మాణ వ్యయంలో 5 శాతం దాకా జరిమానా విధించారు. 2025 నవంబరులో తెలుగువారందరికీ తెలిసిన ఐబొమ్మను నడుపుతున్నాడన్న ఆరోపణ మీద హైదరాబాదు పోలీసులు ఒకరిని అరెస్టు చేశారు. బెట్టింగు యాప్‌ల ప్రచారం వల్ల డబ్బు గడించాడని అభియోగం. నేరం సంగతి న్యాయస్థానం తేల్చవలసింది. అయితే ఆ వారం మా కాలేజీ కాంటీనులో అరెస్టయినవాణ్ణి వీరుడని పొగిడిన గొంతులే యెక్కువ. వరండాలో వాదించిన కుర్రవాడి గొంతు అందులో ఒకటి.

అతనికి యిప్పుడు జవాబు చెప్పాలి. 1842లో యువకుడైన మార్క్స్ ఒక జర్మను పత్రికలో కట్టెల దొంగతనం చట్టం మీద వ్యాసాలు రాశాడు. అడవిలో రాలిన పుల్లలు యేరుకోవటం బీదలకు అనాదిగా వున్న హక్కు. భూస్వాములు దాన్ని దొంగతనమని చట్టం చేయబోయారు. మన కుర్రవాడు యీ వ్యాసాలు చదివాడు. అతని వాదానికి వెన్నెముక అదే. పోలిక బాగానే వుంది, కొంత దూరం. రాలిన పుల్ల వెనక యెవరి శ్రమా లేదు. చిత్రం వెనక వుంది. తేలికగా మరచిపోయే సంగతి యిదే: దొంగ కాపీ గోడను మాత్రమే దొంగిలించదు, గోడ వెనక వున్న పనినీ యెత్తుకుపోతుంది. దొంగ సైటు ప్రజల పంపిణీ అయితే ఆ మూలన జూదపు ప్రకటన యెందుకు మెరుస్తున్నది? అక్కడా చూసేవాణ్ణి సరుకు చేసి అమ్ముతున్నారు. కంపెనీ కౌలు వసూలు చేసి అందులో పావో పరకో పనివాడికి విదుల్చుతుంది. దొంగ పంపిణీదారు కౌలు వసూలు చేసి పనివాడికి పరక కూడా యివ్వడు. యీ రెండో కచేరీని విప్లవమని పిలవటానికి నా మనసు ఒప్పదు.

పెద్ద చిత్రానికి దెబ్బ తగలటం అంత తేలిక కాదు. "అత్తారింటికి దారేది" విడుదలకు ముందే, 2013 సెప్టెంబరులో, సుమారు గంటన్నర భాగం బయటికి పొక్కింది. విడుదల ముందుకు జరిపారు, చిత్రం ఘనంగా ఆడింది. చిన్న చిత్రానికి అటువంటి అభిమానగణం లేదు. ఓటీటీ వాడు యిచ్చే ఒక్క మొత్తమే దానికి దిక్కు. ఆ మొత్తం తగ్గించటానికి దొంగ కాపీ వాడికొక సాకు.

అట్లా అని ఆ అమ్మాయి అన్న జీతం బాకీని పూర్తిగా దొంగ ఖాతాలో వేసి వూరుకోవటం యజమాని లెక్కను మనం రాసిపెట్టటమే అవుతుంది. దొంగ కాపీ లేనిచోట పనివాడికి న్యాయం జరిగిందా? అమెరికాలో 2023 మే 2న చిత్రరచయితలు సమ్మె కట్టారు. 148 రోజులు సాగింది. జూలైలో నటులు కలిశారు. పాత టీవీలో ఒక కార్యక్రమం మళ్ళీ ప్రసారమైనప్పుడల్లా రచయితకు కొంత డబ్బు వచ్చేది. ఓటీటీలో యెంతమంది చూశారో కంపెనీ చెప్పదు. చెప్పదు గనక అడగటానికి ఆధారం లేదు. పైరసీ వల్ల యిన్ని కోట్ల నష్టమని దొంగ సైటు ప్రేక్షకులను ఒక్కొక్కరినీ లెక్కపెట్టగలిగిన పరిశ్రమ, తన యింట్లో ప్రేక్షకుల సంఖ్యను రచయితకు చెప్పలేకపోయింది! సమ్మె ఫలితంగా రచయితల సంఘానికి ఆ లెక్కలు రహస్యంగానైనా చూసే హక్కు వచ్చింది. మొదటి 90 రోజుల్లో దేశంలోని చందాదారుల్లో 20 శాతం మంది చూసిన చిత్రానికి అదనపు ప్రతిఫలం వచ్చింది. పోలీసులు యెన్ని సైట్లు మూయించినా రాని డబ్బు అది.

మన దగ్గర 2012లో కాపీరైటు చట్టాన్ని సవరించి పాటల రచయితలకూ సంగీత దర్శకులకూ వదులుకోవటానికి వీలులేని రాయల్టీ హక్కు యిచ్చారు. లైటు మోసేవాడికి, ఎడిటరు సహాయకుడికి చట్టంలో అటువంటిది లేదు. వాళ్ళకున్నది దినకూలీ, యూనియను. 2025 ఆగస్టులో తెలుగు సినీ కార్మికులు 30 శాతం వేతనాల పెంపు కోరి సమ్మె చేశారు. రెండు వారాలకు పైగా షూటింగులు ఆగాయి. చివరికి 22.5 శాతం, అదీ మూడేళ్ళలో విడతలుగా. ఐబొమ్మ అరెస్టు గురించి తెగ మాట్లాడిన మా కాంటీనులో ఆ సమ్మె గురించి మూడు నెలల ముందు యెవరూ మాట్లాడినట్టు నాకు గుర్తు లేదు. నేను కూడా మాట్లాడలేదు.

యిక మొదట చెప్పిన మాయమైన చిత్రం సంగతి. యిది మా ఒక్క క్లాసు కష్టం కాదు. 2022 ఆగస్టులో వార్నర్ కంపెనీ దాదాపు పూర్తయిన "బ్యాట్‌గర్ల్" చిత్రాన్ని విడుదల చేయకుండా అటకెక్కించింది. పన్నుల లెక్కలో నష్టంగా చూపుకోవటం లాభమని పత్రికలు రాశాయి. 2023 మేలో డిస్నీ తానే తీసిన "విల్లో" సీరియల్‌ను విడుదలైన ఆరు నెలలకే తన ఓటీటీ నుంచి తొలగించింది. అది డీవీడీగా రాలేదు, హాళ్ళలో ఆడలేదు. కొన్నవాడే దాచినప్పుడు చట్టం ప్రకారం దాన్ని చూసే దారి యెవరికీ మిగలదు. నేను మా చిత్రం దర్శకునికి వుత్తరం రాశాను. హక్కులన్నీ అమ్మేశానని, తన దగ్గర ఎడిటింగు నాటి పాత కాపీ ఒకటి వుండేదని, ఆ హార్డ్ డిస్కు పాడయిందని జవాబు రాశాడు. విద్యార్థుల దగ్గర వున్న కాపీ తనకు పంపటానికి వీలవుతుందా అని కూడా అడిగాడు. పంపానా లేదా అన్నది యిక్కడ రాయను.

యీ సందర్భంలో నాకు మన గ్రంథాలయోద్యమం జ్ఞాపకం వస్తున్నది. పుస్తకం కూడా సరుకే. దానికీ కాపీరైటు వుంది. అయినా 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథభాండాగార సంఘం పెట్టిన అయ్యంకి వెంకటరమణయ్యగారి కాలంలో కొనలేనివాడు చదవటానికి దొంగ అచ్చు వెతుక్కోలేదు. 1935లో పాతూరి నాగభూషణంగారు కృష్ణాడెల్టా కాలవ మీద పడవలో పుస్తకాలు తిప్పారు. సంఘం ఒక ప్రతి కొంటుంది, వందమంది చదువుతారు. రాసినవాడికి తన ప్రతి డబ్బు వస్తుంది. 1954లో కేంద్రప్రభుత్వం చట్టం చేసి, దేశంలో అచ్చయ్యే ప్రతి పుస్తకాన్నీ పేర్కొన్న గ్రంథాలయాలకు ప్రకాశకుడు పంపి తీరాలని శాసించింది. చదువరి పట్ల, రచయిత పట్ల, రాబోయే తరం పట్ల బాధ్యత ఆ యేర్పాటులో వుంది. తెరమీద మాత్రమే పుట్టి తెరమీదే చచ్చే చిత్రానికి అటువంటి యేర్పాటు కావాలని అడిగే గొంతులు మనలో యింకా తక్కువ. మనం దొంగను పొగడటమో తిట్టటమో చేస్తూ కూర్చున్నాం.

పోయిన నెల మా కాలేజీ గ్రంథాలయం పేరుతో ఒక ఓటీటీకి చందా కట్టాలని అర్జీ తయారుచేశాను. యిద్దరు విద్యార్థులూ సంతకాలు పెట్టారు, వరండాలో వాదించినవాళ్ళే. ప్రిన్సిపాలుగారు కాదనలేదు; కంపెనీ షరతులు చదివి రమ్మన్నారు. చదివాం. చందాదారు ఒక వ్యక్తి అయివుండాలి. సొంతానికి, యింటివాళ్ళతో మాత్రమే చూడాలి. నాలుగు కంపెనీల షరతులు చదివాం. గ్రంథాలయానికి అమ్మే చందా వాటిలో యెక్కడా కనిపించలేదు. అర్జీ యిప్పటికీ నా సొరుగులో వుంది.